నేరేడ్‌మెట్ వీథులలో పథ్యపు ముచ్చట్లు

సికింద్రాబాదునకు ఈశాన్యముగా, మల్కాజిగిరి దాటిన పిమ్మట నేరేడ్‌మెట్ వచ్చును. పేరులో నేరేడు వినవచ్చుచున్నది గాని, నేడు ఈ వీథులలో నేరేడుచెట్టు కంటబడుట అరుదు. ఎటు చూచినను అంతస్తుల మేడలు, వాని సందులలో అక్కడక్కడ మిగిలిన నల్లని రాతిగుండ్లు. ఒకవైపున మల్కాజిగిరినుండి బొల్లారము పోవు రైలుమార్గముమీద సఫిల్‌గూడ, రామకృష్ణాపురము, అమ్ముగూడ యను చిన్న స్టేషనులు వరుసగా నున్నవి. మరియొకవైపున డిఫెన్సుకాలనీ, సైనిక్‌పురి, వాయుపురి యను పేటలు కలవు. అవి యెవరికొరకు వెలసినవో వాని పేర్లే చెప్పుచున్నవి. సేనలో కొలువు చాలించివచ్చిన కుటుంబము లిచ్చట విస్తారము. అందుచేత తెలుగుతోపాటు హిందీ, మలయాళము, పంజాబీ, అరవము మన చెవినిబడును. వంటయిండ్ల వాసనలును అట్లే. ఒక గుమ్మమునుండి చింతపండు పులుసు, ప్రక్కగుమ్మమునుండి నేతిపరోటా, పైయంతస్తునుండి కొబ్బరినూనె తాలింపు. ఇన్ని దేశముల భోజనము ఒక్క వీథిలో ఇమిడియుండుట యీ యూరి విశేషము.

ఈ యూరిని చూడదలచిన సోదరి తెల్లవారుచుండగనే సఫిల్‌గూడ చెరువుగట్టునకు రావలయును. గట్టుమీద నడుచుటకు బాట వేసిరి. పొగమంచు విడకముందే స్త్రీపురుషులు గుంపులుగుంపులుగా వత్తురు. కొందరు వడివడిగా నడుతురు. కొందరు నడచినంతసేపు కూర్చుందురు. పూర్వము చెరువుగట్టున స్త్రీలు కలిసినపుడు వానలమాట, పిల్లల సంబంధములమాట ముందు వచ్చెడిది. ఇప్పుడు ముందు వచ్చునది బరువుమాట.

“వదినా, అన్నము ముట్టక నేటికి ఇరువదిరోజులు. నాలుగు కిలోలు దిగినాను” అని యొకరందురు. “నాకు కొర్రలతోనే తగ్గినదమ్మా, అన్నము మానితే చాలదు, బియ్యమే ఇంటిలోనికి రానీయకూడదు” అని మరియొకరు. “నూనె మానండి పిన్నిగారూ, ఉప్పు మానండి, అన్నియు అవే తగ్గును” అని మూడవవారు. గట్టుదిగి వీథిలోనికి వచ్చినచో కాకరకాయరసము, బూడిదగుమ్మడిరసము సీసాలలో నింపి యమ్మువారు, చిరుధాన్యముల దుకాణములు, కసరత్తుశాలల పలకలు వరుసగా కానవచ్చును. ఒక నెలలో సన్నబడుదురని వ్రాసిన కాగితములు విద్యుత్‌స్తంభములకు సైతము అంటించియుందురు.

ఈ ముచ్చట్లను వేళాకోళముగా త్రోసివేయుట తగదు. 2019–21 సంవత్సరములలో ప్రభుత్వమువారు జరిపిన జాతీయ కుటుంబారోగ్యపు లెక్కలనుబట్టి చూడగా, తెలంగాణమున 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలు పదిమందిలో రమారమి ముగ్గురు మితిమించిన బరువు గలవారు. ఆంధ్రప్రదేశమున ఈ సంఖ్య యింకను ఎక్కువ. అదే లెక్కలలో రక్తహీనత గల స్త్రీలు రెండు రాష్ట్రములందును సగమునకు మించియున్నారు. అనగా ఒకే యింట అత్తగారికి బరువు హెచ్చు, కోడలికి రక్తము తక్కువ. ఒక్కొక్కప్పుడు రెండు లోపములును ఒక్క దేహముననే. అట్టి దేహమును ఏ పథ్యమునకు అప్పగింపవచ్చునో, దేనికి అప్పగింపరాదో తెలిసికొనుట వంటయింటి యజమానురాలికి అత్యవసరము.

బరువునుగూర్చిన చింత క్రొత్తది కాదు. చరకసంహితలో సూత్రస్థానమున నొక అధ్యాయము అతిస్థూలుని, అతికృశుని గూర్చియే చెప్పబడినది. స్థూలతకు కారణములుగా అతిభోజనము, తీపి, కొవ్వు గల పదార్థములు, వ్యాయామము లేమి, పగటినిద్ర మాత్రమేగాక పుట్టుకతో వచ్చు బీజస్వభావమును గూడ ఆ గ్రంథము పేర్కొనుచున్నది. స్థూలకాయము గల స్త్రీని తిండిపోతని హేళన చేయువారు ఈ కడపటిమాటను గమనింపవలెను. చికిత్సలోనైనను వ్యాయామము మున్నగువానిని క్రమక్రమముగా పెంచుకొనవలెనని ఆ ఆచార్యుని మతము. క్రమము అను నీ మాటయే నేటి ప్రకటనలలో కనబడదు.

ఈ ప్రాంతపు భోజనచరిత్రయు కొంత తెలిసికొనదగినది. తెలంగాణమున పెద్దలు జొన్నరొట్టె, జొన్నగటక, తైదంబలి తిని పొలము పనిచేసినవారు. వరియన్నము అనేకులకు పండుగనాటి భోజనము. నీటివసతి పెరిగి వరి విస్తరించెను. 1983లో నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వము కిలో బియ్యము రెండురూపాయలకు ఇచ్చుట మొదలిడెను. ఆకలిగొన్న యిండ్లకు అది గొప్ప యుపకారము. కాని కాలక్రమమున పొలముపని తగ్గి కుర్చీపని పెరిగినను, కంచములోని అన్నపురాశి మాత్రము తగ్గలేదు. జొన్న, తైదలు వంటయింటినుండి వెడలిపోయినవి. నేటి పథ్యములన్నియు ఈ యన్నపురాశిమీద యుద్ధమునకు వచ్చినవే యని చెప్పవచ్చును.

చెరువుగట్టున వినవచ్చు పథ్యములలో తెలుగుదేశమున మిక్కిలి ప్రసిద్ధికెక్కినవి మూడు. మొదటిది విజయవాడ చెంత కృష్ణాతీరమున ఆశ్రమము నడుపు మంతెన సత్యనారాయణరాజుగారు టెలివిజనుద్వారా ఇంటింటికి చేర్చిన ప్రకృతిజీవనము. ఉప్పు, నూనె, చక్కెర లేని వంట. మొలకలు, పండ్లు, పచ్చికూరల రసములు, పుల్కాలు, విరివిగా నీరు. రెండవది 2017 ప్రాంతమునుండి వీరమాచనేని రామకృష్ణగారు ప్రచారము చేసిన పథ్యము. ఇది మొదటిదానికి సరిగా విలోమము. అన్నము, రొట్టె, పప్పు, పండ్లు, చక్కెర మానవలెను. దినమునకు 70 మొదలు 100 గ్రాములవరకు కొబ్బరినూనె, నెయ్యి, వెన్న వంటి కొవ్వు తినవలెను. నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీరు, విటమినుమాత్రలు చేర్చవలెను. మూడవది కడపజిల్లా ప్రొద్దుటూరున జన్మించి మైసూరున స్థిరపడిన ఖాదర్‌వలీగారు చెప్పు సిరిధాన్యముల భోజనము. కొర్రలు, అండుకొర్రలు, సామలు, ఊదలు, అరికెలు అను నైదింటిని బియ్యము గోధుమలకు మారుగా వాడుమందురు. వీరికి 2023లో పద్మశ్రీ బిరుదము లభించినది. ఆ సంవత్సరమే ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల వత్సరముగా ప్రకటించినది.

ఒకరు నూనెచుక్క వలదందురు; ఒకరు నూనె త్రాగుమందురు; ఒకరు ధాన్యమునే మార్చుమందురు. మూడింటిని ఆచరించినవారిలోను సన్నబడినవారు మన గట్టుమీదనే యున్నారు. పరస్పరవిరుద్ధములైన మూడు మార్గములు ఒకే యూరికి చేర్చుచున్నవనిన, వానిలో సమానమైన దేదియో యుండవలెను గదా. దానిని వెదకుదము.

మూడింటియందును చక్కెర పోయినది, మైదాపిండి పోయినది, మిఠాయి, శీతలపానీయము, బజారులో వేయించిన తినుబండారము పోయినవి, అడ్డమైనవేళల తినుట పోయినది. మూడింటియందును కంచములోని అన్నపురాశి తగ్గినది. ఇదియే వాని సామాన్యగుణము. లోపలికి పోవు శక్తి వ్యయమగు శక్తికంటె తక్కువైనపుడు దేహము తన నిలువను తీసి వాడుకొనును. పథ్యము పేరేదైనను దేహమునకు తెలిసినది ఈ లెక్కయే.

అమెరికాదేశమున స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు ఈ విషయమునే పరీక్షించిరి. 609 మంది పెద్దవారిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టునకు కొవ్వు తక్కువగల భోజనమును, రెండవ జట్టునకు పిండిపదార్థము తక్కువగల భోజనమును ఒక సంవత్సరము నియమించిరి. చక్కెరను, తెల్లపిండిని తగ్గించి కూరగాయలు మెండుగా తినుడని ఇరుజట్లకును చెప్పిరి. 2018లో ప్రకటించిన ఫలితము చూడుడు: మొదటిజట్టువారు సగటున 5.3 కిలోలు, రెండవజట్టువారు 6 కిలోలు తగ్గిరి. ఆ చిన్న భేదము లెక్కలోనికి రాదని శాస్త్రజ్ఞులు చెప్పిరి. కాని ఒక్కొక్క జట్టులోపలనే మనిషికి మనిషికి భేదము అపారము. కొందరు ముప్పదికిలోలు తగ్గగా, కొందరు పదికిలోలు పెరిగిరి. కావున పొరుగింటివదినకు పనికివచ్చిన పథ్యము మనకును అట్లే పనికివచ్చునను భరోసా లేదు.

ఇక మొదటివారపు మాయ యొకటి కలదు. మన కాలేయమునందును, కండరములందును పిండిపదార్థము కొంత గ్లైకోజెన్ అను రూపమున నిలువయుండును. ప్రతి గ్రాముతో రమారమి మూడు గ్రాముల నీరు కలిసియుండును. అన్నము, రొట్టె ఒక్కసారిగా మానినపుడు ముందుగా ఈ నిలువ కరగి, దానితోటి నీరు వెడలిపోవును. తూకపుయంత్రము రెండుకిలోలు దిగినదని చూపును. అందు కొవ్వు స్వల్పము. మరల నాలుగుదినములు అన్నము తినిన ఆ బరువు తిరిగివచ్చును. పదిదినములలో ఇన్నికిలోలని చాటు ప్రకటనలన్నియు ఈ నీటి లెక్కమీద నిలిచినవే.

ఒక్కొక్కదాని గుణదోషములను న్యాయముగా చెప్పవలెను. ఉప్పు తగ్గించుట మంచిదే. దినమునకు 5 గ్రాములకు మించరాదని ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది, మన ఆవకాయయిండ్లలో అది మించకుండునా? కాని రక్తపుపోటునకు మూత్రము జారీచేయు మాత్రలు వాడు వృద్ధులు ఉప్పు బొత్తిగా మాని, లీటర్లకొలది నీరు త్రాగినచో, రక్తములో సోడియము పడిపోయి మగత, తడబాటు కలుగవచ్చును. నూనె బొత్తుగా మానువారు నువ్వులు, పల్లీలు, కొబ్బరి వంటివానిద్వారా నైనను కొంత కొవ్వు తినవలెను. ఏ, డీ, ఈ, కే విటమినులు కొవ్వుతోగాని ఒంటబట్టవు.

కొవ్వుపథ్యము ఆకలిని అణచుననుట నిజమే; మధుమేహము గలవారి రక్తములో చక్కెరను త్వరగా తగ్గించుననుటయు నిజమే. ఇట్టి మార్గము క్రొత్తది గూడ కాదు. 1863లో లండనులో విలియం బాంటింగు అను నొక పెద్దమనిషి తాను రొట్టె, చక్కెర, బంగాళాదుంప మాని సన్నబడిన విధమును చిన్నపుస్తకముగా అచ్చువేయగా అది దేశమంతట వ్యాపించెను. 1921లో అమెరికా వైద్యులు మూర్ఛరోగమునకు అధికమైన కొవ్వుగల భోజనమును నియమించిరి. అది వైద్యుని కనుసన్నలలో జరుగు చికిత్స. మన యిండ్లలో దీర్ఘకాలము ఆచరింపబోవునప్పుడు పప్పు, పండ్లు, ధాన్యము లేమిచే పీచు తగ్గి మలబద్ధము కలుగును. కొందరికి చెడుకొలెస్ట్రాలు మిక్కిలి పెరుగును. మూత్రపిండములు, గుండె బలహీనముగా నున్నవారికి నాలుగులీటర్ల నీరు ప్రమాదకరము.

చిరుధాన్యములనుగూర్చి ఒక భ్రమ కలదు. కొర్రన్నము ఎంత తినినను బరువు పెరుగదని కొంద రనుకొందురు. వండనిబియ్యము 100 గ్రాములలో రమారమి 350 కేలరీల శక్తియుండగా, కొర్రలలో రమారమి 330 కలదు. శక్తిలో భేదము స్వల్పమే. భేద మంతయు పీచునందును, మాంసకృత్తులయందును ఉన్నది. అది త్వరగా కడుపునిండిన భావము కలిగించును. కావున కొర్రలు మంచివే. కొర్రలరాశి మంచిది కాదు.

ఇంతవరకు చెప్పినవి గుణదోషములు. ఇకమీద చెప్పునది ప్రాణముతో కూడిన విషయము. పాఠకురాండ్రు దయచేసి ఒకటికి రెండుసార్లు చదువవలెను.

మా వీథిలో ఒక పెద్దమ్మగారు కలరు. పదియేండ్లుగా మధుమేహమునకు మాత్రలు వాడుచున్నారు. గట్టుమీద వినిన మూడు నాలుగు పథ్యముల నుండి తలకొక ముక్క తీసి తామే యొక పథ్యము కూర్చుకొనిరి. ఉదయము రసము, మధ్యాహ్నము మజ్జిగ, రాత్రి ఏమియు లేదు. మాత్రలు మాత్రము ఎప్పటివలెనే రెండుపూటల మ్రింగుచుండిరి. ఐదవనాటి మధ్యాహ్నము చేతులు వణకి, ఒళ్లంతయు చెమటపట్టి, కోడలిని చూచి “నీ వెవరమ్మా?” అని యడిగిరి. ఆ కోడలు తెలివిగలది. నోట మ్రింగుటకు స్పృహ యున్నదని చూచుకొని చక్కెరనీళ్లు పట్టి, వైద్యునివద్దకు తీసికొనిపోయెను. రక్తములో చక్కెర పడిపోయినదని వైద్యుడు చెప్పెను. రాత్రివేళ ఒంటరిగా నిద్రలో నీ యవస్థ వచ్చియుండినచో ఏమగునో తలచుకొనుటకే భయమగుచున్నది.

గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ సూదిమందు మనము తినినను తినకున్నను రక్తములోని చక్కెరను తగ్గించుచునే యుండును. భోజనము సగము చేసినవారు మందుమోతాదునుగూర్చి ముందే వైద్యుని అడుగవలయును. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అను మాత్రలు వాడువారు అన్నము రొట్టె బొత్తిగా మానినచో, చక్కెర అంతగా పెరుగకయే రక్తము ఆమ్లమగు ప్రమాదము కలదు. వాంతి, కడుపునొప్పి, ఆయాసము దాని గురుతులు. స్పృహతప్పినవారి నోట మాత్రము చక్కెరనీరు గాని మరేమిగాని పోయరాదు. వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను.

కఠినపథ్యము అసలు పనికిరాదని నేననుట లేదు. ఇంగ్లండు, స్కాట్లండు దేశములలో 306 మంది మధుమేహులపై జరిగిన పరీక్ష 2017లో ప్రకటింపబడినది. అందు సగముమందికి కొన్నినెలలు దినమునకు 850 కేలరీలకు లోబడిన ఆహారమునే యిచ్చిరి. సంవత్సరాంతమున వారిలో నూటికి 46 మందికి మందులు లేకయే చక్కెర అదుపులో నుండెను. సాధారణచికిత్స పొందిన రెండవజట్టున నూటికి నలుగురికే. ఆశ్చర్యకరమైన ఫలితమే. కాని వైద్యులు పథ్యము మొదలిడిన దినముననే మధుమేహపు మాత్రలను నిలిపివేసిరి. తరువాత క్రమముగా మామూలు భోజనమునకు మరల్చి, రెండేండ్లు కనిపెట్టియుండిరి. మన పెద్దమ్మగారికి లోపించినది పథ్యము కాదు, ఆ కనిపెట్టియుండుట.

నేరేడ్‌మెట్‌నుండి మల్కాజిగిరి మీదుగా దక్షిణముగా పోయినచో రెండుమూడు క్రోసుల దూరమున తార్నాక వచ్చును. ఇచ్చటనే ఉస్మానియా విశ్వవిద్యాలయపు చెంత జాతీయ పోషకాహారసంస్థ కలదు. ఆ ద్వారముముందునుండి నిత్యము బస్సులలో పోవు మనలో ఎందరికి దాని చరిత్ర తెలియును? 1918లో నీలగిరులందలి కూనూరున నొక్క గదిలో, రాబర్టు మెక్కారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధికి కారణము కనుగొనుటకు దీనిని స్థాపించెను. దంపుడుబియ్యము పోయి మరబియ్యము వచ్చుటచే ఆ వ్యాధి వ్యాపించినదని నేడు మన కెల్లరకు తెలిసినదే. ఆయన ఎలుకలను గుంపులుగా చేసి, మన దేశమందలి వేర్వేరు ప్రాంతముల భోజనములను వానికి పెట్టి చూచెను. గోధుమరొట్టె, పాలు, వెన్న, పప్పు, ఆకుకూరలు గల పంజాబు భోజనము తినిన ఎలుకలు పుష్టిగా పెరిగెను. తెల్లబియ్యమే ప్రధానముగాగల మన దక్షిణాది భోజనము తినినవి వెనుకబడెను. ఆ సంస్థ 1958లో హైదరాబాదునకు తరలివచ్చెను.

ఆ సంస్థవారు 2024లో భారతీయుల కొరకు 17 ఆహారసూత్రములు గల పుస్తకమును ప్రకటించిరి. దినమునకు 2000 కేలరీల భోజనమునకు వారు చూపిన కంచమిది: ధాన్యము 250 గ్రాములు, పప్పుధాన్యములు గాని వానికి సాటియైన గ్రుడ్డు మాంసములు గాని 85 గ్రాములు, ఆకుకూరలతోచేరి కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు, గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు. ధాన్యమునుండి వచ్చు శక్తి మొత్తముశక్తిలో నూటికి 45 పాళ్లకు మించరాదనిరి. బరువు తగ్గదలచినవారు వారమునకు అరకిలో చొప్పున తగ్గుట క్షేమమనియు, ఏ పథ్యమును దినమునకు 1000 కేలరీలకు దిగరాదనియు చెప్పిరి.

ఈ కంచమును మన వంటయింటి కంచముతో పోల్చిచూడుడు. మనకు కూర నంజుకొనుటకు, అన్నము కడుపునిండుటకు. వారి కంచమున కూరయే ప్రధానము, అన్నము దానికి తోడు. నేరేడ్‌మెట్ బజారున దొరకు గోంగూర, తోటకూర, బచ్చలి, పొట్లకాయ, సొరకాయ, చిక్కుడు, వీనితోనే ఈ మార్పు చేయవచ్చును. ముద్దపప్పు పలుచన చేయక చిక్కగా వండి, మూడుగరిటెల అన్నమును ఒకటిన్నరకు దించి, కూర రెండింతలు వడ్డించినచో చాలును. వారమున రెండుమూడుదినములు తాతలనాటి జొన్నరొట్టెను మరల పిలుచుకొనవచ్చును. ఇందుకు ఏ సీసాయు, ఏ పొడియు కొననక్కరలేదు.

అసలు బరువు తగ్గవలసినదా యను ప్రశ్నయు ముందు వేసికొనవలెను. కిలోలలోని బరువును, మీటర్లలోని ఎత్తును ఎత్తుచేతనే గుణించగా వచ్చిన సంఖ్యచే భాగించినచో వచ్చు ఫలము మనదేశస్థులకు 18.5 మొదలు 23 లోపల నుండవలెను; 25 మించినచో స్థూలతగా నెంచెదరు. 155 సెంటీమీటర్ల ఎత్తుగల స్త్రీకి 45 మొదలు 55 కిలోలవరకు తగిన బరువని దీని భావము. నడుము చుట్టుకొలత స్త్రీలకు 80 సెంటీమీటర్లకు లోపల నుండుట మంచిది. తగ్గవలసినవారైనను పదునెనిమిదవయేటి నడుమును తిరిగి తెచ్చుకొననక్కరలేదు. ఉన్న బరువులో నూటికి ఐదు మొదలు పదిపాళ్లు తగ్గినంతనే రక్తపుపోటు, చక్కెర కొంత దారికి వచ్చును. 70 కిలోల స్త్రీ నాలుగైదుకిలోలు తగ్గి నిలుపుకొనినచో, ఇరువదికిలోలు తగ్గి మరుసటియేట ఇరువదిరెండు పెరిగినామెకంటె ధన్యురాలు.

ఇప్పుడు వంటచేయు ఇల్లాలిమాట. గట్టుమీద పథ్యములు చెప్పువారు ఎవరును ఈమెను తలంపరు. భర్త కొవ్వుపథ్యము, అత్తగారు ఉప్పులేని పథ్యము, పదునారేండ్ల కూతురు ఉదయపు ఫలాహారమే మానిన పథ్యము. ఇల్లాలు మూడుపొయ్యిలమీద మూడువంటలు చేసి, వారు వదలిన అన్నమును, మిగిలిన పులుసును పారవేయ మనసొప్పక తాను తినును. ఇంటిల్లిపాదియు సన్నబడుచుండగా ఆమె లావెక్కుచుండును. లేదా ఆ మిగిలినది చాలక, నెలనెల పోవు రక్తము చేరక, మెట్లెక్కిన ఆయాసపడును. ఆ కూతురు అద్దమునుచూచి భోజనము మానుచున్నది గాని, దాని కనురెప్పలోపలి తెలుపును చూచినవారు లేరు. గర్భవతులు, పాలిచ్చు తల్లులు, ఎదుగు ఆడపిల్లలు ఏ సన్నబడు పథ్యమును తమంతట తాము పట్టరాదు. ముందు రక్తపరీక్ష, పిమ్మట తూకము.

కావున ఎవరేపథ్యము చెప్పినను సోదరీమణులు ఈ ప్రశ్నలు వేయవలెను. ఇంటిల్లిపాదియు ఒకే వంట తినుటకు ఇది సరిపడునా? అప్పు చేయక సంవత్సరముపాటు సాగునా? పెండ్లికి, పండుగకు, ప్రయాణమునకు పోయినపుడు నిలుచునా? నేను వాడు మందులసంగతి ఎవరైన అడిగిరా? మొదటినెల కాక పండ్రెండవనెల ఏమగునో చెప్పిరా? పథ్యము చెప్పువారే పొడులు, సీసాలు అమ్ముచున్నారా? ఈ ప్రశ్నలకు తృప్తికరమైన సమాధానము వచ్చిన పథ్యము, దాని పేరు ఏదైనను, ఆచరింపదగినదే. రానిది, దానిచే మొదటివారమున నాలుగుకిలోలు తగ్గినను, విడువదగినదే.

నేరేడ్‌మెట్‌కు వచ్చినవారు చెరువుగట్టుమీది నడకను మాత్రము సంశయింపక తమతో తీసికొనిపోవచ్చును. దానికి ఖర్చు లేదు, దోషము లేదు. మోకాళ్లు సహకరించినంతమేర దినమునకు అరగంట చాలును. ఆషాఢమాసమున వచ్చినచో బజారులో నేరేడుపండ్లు గంపలలో కనుపించును. మధుమేహమునకు నేరేడు మందని నమ్మి మాత్రలు మానువారు గలరు, అట్లు చేయరాదు. పండుగా నాలుగు తినుడు, పిల్లలకు పెట్టుడు. ఇంటికి పోయి మీ కంచమున కూర యెంత, అన్నమెంత అని యొకసారి కొలిచిచూడుడు. మీరు తిను పళ్లెము అందరికి వడ్డించిన పిమ్మట మిగిలినది కాక, అందరితోపాటు వడ్డించినదే యగుగాక.